హువానుకో పంపా: ఒక ఇన్కా ప్రాంతీయ నగరం, అక్కడి తవ్వకాలు

లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

• ఇన్కా పాలకులు ప్రాంతీయ నగరాలను ఎందుకు నిర్మించారో వివరించడం
• హువానుకో పంపా తవ్వకాలలో బయటపడిన ముఖ్యమైన ఆధారాలను పేర్కొనడం
• లిఖిత ఆధారాలను, భౌతిక ఆధారాలను పక్కపక్కన పెట్టి ఒక నిర్ధారణకు వచ్చే పద్ధతిని గుర్తించడం
• విందు, ఆతిథ్యం రాజ్యాధికారానికి సాధనాలుగా ఎలా పనిచేశాయో చర్చించడం

1. పరిచయం

నగరం అనగానే మనకు అంగళ్లు, వృత్తిపనివారి వీధులు, తరతరాలుగా కాపురముంటున్న కుటుంబాలు గుర్తుకు వస్తాయి. ఒక ప్రాచీన నగరాన్ని తవ్వేటప్పుడు పురావస్తు శాస్త్రజ్ఞులు కూడా ముందుగా వీటి ఆనవాళ్ల కోసమే చూస్తారు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల మీద ఉన్న హువానుకో పంపాలో వీటిలో చాలావరకు కనిపించలేదు. అక్కడ సుమారు రెండు చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో దాదాపు 4,000 కట్టడాల శిథిలాలు ఉన్నాయి. కాని అంగడి ఆనవాళ్లు లేవు. సమాధులు బహు కొద్ది. నేత, పానీయాల తయారీ తప్ప ఇతర వృత్తులు పెద్ద ఎత్తున సాగిన గుర్తులు కూడా దాదాపు లేవు. వీటికి బదులు కుప్పలుగా పెద్ద కుండల పెంకులు, కొండవాలు మీద వరుసలుగా కట్టిన దాదాపు 500 గిడ్డంగులు, వేలాది మంది ఒకేసారి నిలబడగలిగిన ఒక మహాప్రాంగణం ఉన్నాయి.

మరి ఇది ఎలాంటి నగరం? దీన్ని ఎవరు కట్టారు? ఇక్కడ ఎవరు ఉన్నారు? ఎవరు తిన్నారు? ఆ తిండిని ఎవరు పండించారు? ఈ ప్రశ్నలకు పురావస్తు శాస్త్రం ఇచ్చిన సమాధానాన్ని ఈ యూనిట్‌లో దశలవారీగా పరిశీలిస్తాం. క్లుప్తంగా చెప్పాలంటే, హువానుకో పంపా ప్రజలు తమకు తాముగా చేరి పెంచుకొన్న నగరం కాదు. పని కోసం వచ్చిపోయే ప్రజలను చేర్చుకోవడానికి, వారికి తిండి పెట్టడానికి, తన వైభవాన్ని వారి కళ్లకు కట్టడానికి రాజ్యం నిర్మించిన నగరం. అక్కడ విందు పెట్టడం కూడా పరిపాలనలో ఒక భాగమే. అయితే ఆ విందుకు కావలసిన ధాన్యం, దుంపలు, పానీయం అన్నీ వచ్చింది అతిథుల శ్రమ నుంచే. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవడమే ఈ యూనిట్‌లో ముఖ్యమైన అంశం.

2. సామ్రాజ్యం, రహదారి, ప్రాంతీయ కేంద్రాలు

ఇన్కాలు తమ సామ్రాజ్యాన్ని 'తవంతిన్‌సుయు' అని పిలిచేవారు. వారి కెచువా భాషలో దీనికి 'నాలుగు భాగాలు కలిసినది' అని అర్థం. రాజధాని కుస్కో. 15వ శతాబ్దం ప్రారంభంలో కుస్కో పరిసరాలకే పరిమితమైన ఈ రాజ్యం దాదాపు వంద సంవత్సరాలలో ఈనాటి ఈక్వెడార్ నుంచి మధ్య చిలీ వరకు వ్యాపించింది. ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద భూభాగాన్ని పట్టి ఉంచడం ఎలా సాధ్యమైంది? దీనికి సమాధానం చెప్పే ముందు మీరు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఇన్కాలకు అక్షర లిపి లేదు. లెక్కలను 'కిపు' అనే ముడులు వేసిన దారాల గుత్తిలో నమోదు చేసేవారు. ముడి రకం, అది దారం మీద ఉన్న చోటు అంకెలను తెలియజేసేవి. అందువల్ల ఇన్కాలు తమను గురించి తాము రాసుకొన్న గ్రంథాలు మనకు లేవు.

రెండవది, వారికి నాణేలు లేవు. పన్నును ధాన్యంగా గాని, డబ్బుగా గాని కాక శ్రమ రూపంలో తీసుకొనేవారు. ప్రతి కుటుంబం తన వంతు వచ్చినప్పుడు రాజ్యం కోసం కొంతకాలం పనిచేయాలి. ఈ వంతు పద్ధతి పేరు 'మిటా'. దీన్ని 'వెట్టి' అనే మాటతో సరిపెట్టుకోకండి. మిటాలో కూడా నిర్బంధం ఉంది. కాని పనిచేసినంత కాలం పనివారికి తిండి, పానీయం పెట్టడం పాలకుని బాధ్యత అని రెండు పక్షాలూ అంగీకరించాయి. హువానుకో పంపాను అర్థం చేసుకోవడానికి ఈ తేడా ముఖ్యం.

మూడవది, రవాణా కష్టం. ఆండీస్ ప్రాంతంలో బండ్లు లేవు. ఎద్దులు, గుర్రాలు లేవు. బరువులు మోసే జంతువు లామా ఒక్కటే. అది మోయగలిగిన బరువు సుమారు 30 కిలోలు. మిగిలిన బరువును మనుషులే వీపున మోసేవారు. కాబట్టి ధాన్యాన్ని, దుంపలను పర్వతాల మీదుగా రాజధాని దాకా తరలించడం కన్నా దగ్గరలోనే నిలవచేసి, పనివారిని, సైన్యాన్ని అక్కడికి రప్పించి పోషించడం సులువు.

ఈ మూడు పరిస్థితుల నుంచి ప్రాంతీయ కేంద్రాలు పుట్టాయి. ఇన్కాల రహదారి వ్యవస్థను 'కపాక్ ఞాన్' అంటారు. దాని మొత్తం పొడవు సుమారు 30,000 కిలోమీటర్లు అని అంచనా. 2014లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ వ్యవస్థలో అన్నిటికన్నా ముఖ్యమైనది కుస్కో నుంచి ఉత్తరాన కీటో వరకు పర్వతాల మీదుగా సాగే దారి. దాని వెంబడి విల్కాస్ వామాన్, హతున్ షౌషా, పుంపు, హువానుకో పంపా, కహమార్కా వంటి కేంద్రాలు వెలిశాయి.

హువానుకో పంపా సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తున, గడ్డి తప్ప చెట్లు పెద్దగా లేని విశాలమైన మైదానంలో ఉంది. 'పంపా' అంటే కెచువాలో మైదానం. 15వ శతాబ్దం రెండో సగంలో దీన్ని కట్టారు. అంతకుముందు అక్కడ చెప్పుకోదగిన ఊరు లేదు. అంటే రాజ్యం ఒక పథకం ప్రకారం ఖాళీ నేల మీద ఈ నగరాన్ని నిర్మించింది.

3. రెండు రకాల ఆధారాలు

3.1 లిఖిత ఆధారాలు

ఇన్కాలను గురించి రాసినవారు వారిని జయించిన స్పానిష్‌వారు. సియేసా దె లెయోన్ అనే స్పానిష్ సైనికుడు పెరూను గురించి రాసిన గ్రంథం మొదటి భాగం 1553లో అచ్చయింది. హువానుకోలో గొప్ప రాజభవనం ఉండేదనీ, దాని సేవలో 30,000 మందికి పైగా ఉండేవారనీ ఆయన అందులో పేర్కొన్నాడు. ఈ అంకెను చూడగానే ఇది 30,000 జనాభా గల నగరం అని మీరు అనుకోవచ్చు. అలా అనుకోవడం ఎందుకు తొందరపాటో తరవాతి భాగాలలో తెలుస్తుంది.

రెండో రకం రాతలు ప్రభుత్వ తనిఖీ నివేదికలు. పన్ను ఎంత వేయవచ్చో తెలుసుకోవడానికి స్పానిష్ అధికారులు ఊరూరా తిరిగి విచారణ జరిపారు. హువానుకో ప్రాంతంలో అలాంటి తనిఖీలు 1549లోను, 1562లోను జరిగాయి. 1562లో ఇన్యీగో ఓర్తిస్ దె సున్యీగా అనే అధికారి ఇంటింటికీ వెళ్లి వివరాలు రాయించాడు. 1549 నివేదికలో చుపాయ్చు అనే స్థానిక జాతివారు ఇన్కాలకు ఏయే పనులు చేసేవారో పట్టిక రూపంలో ఉంది. గోడలు కట్టడానికి కుస్కోకు 400 మంది, అక్కడ పొలం పనులకు మరో 400 మంది, మేలు రకం వస్త్రం నేయడానికి 400 మంది అంటూ ఆ పట్టిక సాగుతుంది. స్పానిష్‌వారు రాకముందు ఈ జాతిలో ఉన్న కుటుంబాలు సుమారు 4,000 మాత్రమే. స్థానిక నాయకులు ఈ లెక్కలను కిపుల ఆధారంగా చెప్పి ఉంటారని చరిత్రకారులు భావిస్తారు.

ఈ నివేదికలు ఎంతో విలువైనవి. అయినా అవి అడిగినవారి అవసరాన్ని బట్టి తయారయ్యాయి. ఎవరు ఎంత పని చేశారన్నది వాటిలో ఉంది. ఆ పని ఫలితం ఎక్కడికి చేరింది, ఎవరు అనుభవించారు అన్న సంగతి వాటిలో చాలా తక్కువ.

3.2 భౌతిక ఆధారాలు

ఈ లోటును పూడ్చడానికి పూనుకొన్నవాడు జాన్ మురా అనే మానవశాస్త్రవేత్త. ఇన్కా రాజ్య ఆర్థిక వ్యవస్థ మీద 1955లో పరిశోధన పూర్తిచేసిన ఆయన, 1963 నుంచి 1966 వరకు హువానుకో ప్రాంతంలో ఒక పరిశోధన పథకాన్ని నడిపాడు. ఒక చేతిలో తనిఖీ నివేదికలు, మరో చేతిలో తాపీ పట్టుకొని పనిచేసిన పథకం ఇది. డోనాల్డ్ థాంప్సన్ నివేదికలలో పేర్కొన్న గ్రామాలను వెతికి పరిశీలించాడు. అప్పటికి యువ పరిశోధకుడైన క్రెయిగ్ మోరిస్ హువానుకో పంపాలోని గిడ్డంగులను తవ్వాడు. 1967లో ఆయన డాక్టరేటు కోసం సమర్పించిన సిద్ధాంత వ్యాసం కూడా ఈ గిడ్డంగుల మీదనే. 1970లలో మోరిస్ తిరిగి వచ్చి నగరాన్నంతా కొలిచి పటం గీయించి, వేర్వేరు వాడలలో తవ్వకాలు జరిపాడు. మోరిస్, థాంప్సన్ కలిసి రాసిన గ్రంథం 1985లో వెలువడింది.

నగరమంతటినీ తవ్వడం ఎవరివల్లా కాదు. అందుకే ప్రతి వాడ నుంచి కొన్ని కట్టడాలను నమూనాగా ఎంచుకొన్నారు. ఏ వాడలో ఏ రకం కుండలు ఎంత శాతం దొరికాయి, పొయ్యిలు ఎక్కడ ఉన్నాయి, పనిముట్లు ఎక్కడ ఉన్నాయి అన్నవి లెక్కగట్టి పోల్చారు. ఒక్కొక్క వస్తువు గొప్పదనం కన్నా అవి నగరంలో ఏ చోట, ఎంత మోతాదులో దొరికాయన్నది వారికి ముఖ్యం. ఈ పద్ధతిని మీరు గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1
అ) మిటా అంటే ఏమిటి?
ఆ) 1549, 1562 నాటి తనిఖీ నివేదికలు ఏ అవసరం కోసం తయారయ్యాయి?

4. నగర నిర్మాణం

హువానుకో పంపా మధ్యలో సుమారు 550 మీటర్ల పొడవు, 350 మీటర్ల వెడల్పు గల మహాప్రాంగణం ఉంది. నగరంలోని వాడలన్నీ దీని చుట్టూ అమరాయి. ప్రాంగణం నడుమ 'ఉష్ను' అనే రాతి వేదిక ఉంది. దాని అడుగు భాగం సుమారు 48 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు. ఎత్తు సుమారు 4 మీటర్లు. చెక్కిన రాళ్లను సున్నం లేకుండానే ఒకదానికొకటి అతికినట్లు పేర్చి దీన్ని కట్టారు. వేదిక మీదికి వెళ్లే ద్వారాల వద్ద ప్యూమా అనే అడవి పిల్లి జాతి జంతువు శిల్పాలు ఉన్నాయి. ఉష్ను మీద పాలకుడు గాని, అతని ప్రతినిధి గాని కూర్చొని కొలువు తీరేవాడు, పూజలు జరిపేవాడు. ప్రాంగణంలో ఎక్కడ నిలబడినా ఆ వేదిక కనిపిస్తుంది.

ప్రాంగణానికి తూర్పు అంచున పొడవైన రెండు మండపాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 70 మీటర్లకు పైగా పొడవు. వీటిని 'కల్లాంకా' అంటారు. లోపల గదులుగా విభజించే గోడలు లేవు. ఈ రెండు మండపాల మధ్య నుంచి వరుసగా రాతి ద్వారాలు ఒకే సరళరేఖలో తూర్పుకు సాగి, లోపలి ప్రాంగణాలను దాటి రాజభవనం దాకా వెళతాయి. భవనం దగ్గర నిలబడి చూస్తే ఒక ద్వారంలోంచి మరో ద్వారం, చివరకు దూరాన ఉష్ను కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. చెక్కిన రాతి పని ఉష్ను, ద్వారాలు, రాజభవనం పరిసరాలలో మాత్రమే ఉంది. మిగిలిన వేలాది కట్టడాలు ఎక్కడికక్కడ దొరికిన మొరటు రాళ్లను మట్టితో పేర్చి, పైన గడ్డి కప్పినవి. వాటిలో స్థానిక గ్రామాల పద్ధతిలో కట్టిన గుండ్రని ఇళ్లు కూడా ఉన్నాయి. ఒకే నగరంలో కుస్కో వైభవం ఒక పక్క, కూలికి వచ్చినవారి గుడిసెలు మరో పక్క ఉన్నాయన్నమాట.

5. కొండవాలు మీది గిడ్డంగులు

నగరానికి దక్షిణాన ఉన్న కొండవాలు మీద 497 గిడ్డంగులు వరుసలు తీరి ఉన్నాయి. వీటిని 'కొల్కా' అంటారు. అన్నిటిలో కలిపి 37,000 ఘనపు మీటర్లకు పైగా సరుకు పడుతుందని మోరిస్ లెక్కకట్టాడు. గిడ్డంగులు రెండు రకాలు: గుండ్రనివి, దీర్ఘచతురస్రాకారంలో ఉన్నవి. ఈ తేడాకు కారణం ఏమిటో తవ్వకాలే తేల్చాయి. గుండ్రని గిడ్డంగులలో పెద్ద జాడీల పెంకులతోపాటు మాడిన మొక్కజొన్న గింజలు దొరికాయి. దీర్ఘచతురస్రాకారపు గిడ్డంగులలో బంగాళాదుంప వంటి దుంపల అవశేషాలు, వాటిని గడ్డి పొరల మధ్య పేర్చి కట్టిన ఆనవాళ్లు దొరికాయి.

దుంప త్వరగా మొలకెత్తుతుంది, కుళ్లుతుంది. దాన్ని నిలవ ఉంచాలంటే చల్లదనం, గాలి, పొడి నేల కావాలి. కొండవాలు మీద వాననీరు నిలవదు. పైగా ఆ ఎత్తున చలిగాలి ఎప్పుడూ వీస్తుంది. కొన్ని గిడ్డంగుల నేలను రాళ్లతో పరిచి, కింద నీరు పోవడానికి, గాలి ఆడటానికి కాలువలు ఏర్పాటు చేశారు. ఈనాటి శీతల గిడ్డంగులు చేసే పనినే వారు కొండనూ గాలినీ ఉపయోగించుకొని చేశారు. మనం రోజూ తినే బంగాళాదుంపను మొదట సాగుచేసింది ఆండీస్ ప్రజలే. అందుచేత దాన్ని నిలవచేసే విద్యలో వారు ఆరితేరి ఉండటం సహజమే.

నిలవ సామర్థ్యంలో ఎక్కువ భాగం దుంపలకే కేటాయించారు. మొక్కజొన్న వాటా చాలా తక్కువ. 3,700 మీటర్ల ఎత్తున మొక్కజొన్న పండదు. దిగువన ఉన్న వెచ్చని లోయలలో పండించి మనుషులు, లామాలు పైకి మోసుకురావాలి. అంత కష్టపడి తెచ్చిన గింజను రోజువారీ తిండికి ఖర్చుచేయరు. మరి దాన్ని దేనికి వాడారు? జవాబు తరవాతి భాగంలో చూస్తాం.

ఈ సరుకంతా కుస్కోకు పంపడానికి నిలవచేశారా అన్నది మోరిస్ వేసుకొన్న మరో ప్రశ్న. రవాణా ఎంత కష్టమో మీరు ఇంతకుముందే చదివారు. నిలవలో ఎక్కువ భాగం బరువైన దుంపలు కావడాన్ని బట్టి ఈ గిడ్డంగులు ముఖ్యంగా హువానుకో పంపాకు వచ్చినవారిని, దారిన పోయే సైన్యాన్ని పోషించడానికే ఏర్పడ్డాయని ఆయన నిర్ధారించాడు.

6. పగిలిన కుండలు చెప్పిన సంగతి

మహాప్రాంగణానికి తూర్పున ఉన్న మండపాలలోను, లోపలి ప్రాంగణాల చుట్టూ ఉన్న కట్టడాలలోను మట్టిపాత్రల పెంకులు విపరీతంగా దొరికాయి. వాటిలో పెద్ద జాడీలు, వంట కుండలు, వడ్డించే పళ్లేలు ముఖ్యమైనవి. సన్నని మెడ, మొనదేలిన అడుగు ఉండి వీపున కట్టుకొని మోయడానికి వీలైన జాడీ ఇన్కాల ప్రత్యేకత. దీన్ని ముఖ్యంగా 'చిచా' అనే పానీయం కోసం వాడేవారు. మొక్కజొన్న గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, నీళ్లలో కాచి, కొద్ది రోజులు పులియబెడితే చిచా తయారవుతుంది. అంత దూరం నుంచి మోసుకొచ్చిన మొక్కజొన్న ముఖ్యంగా దీనికే ఖర్చయి ఉంటుంది.

ఇంత పెద్ద మోతాదులో దొరికిన జాడీలు, పళ్లేలు ఒక కుటుంబం ఇంటి సామాను కావు. వందలు, వేల మందికి వండి వడ్డించిన సామాను. రాజభవనం, పొడవైన మండపాలు, మహాప్రాంగణం అన్నీ ఒకే వరుసలో అమరడం, వాటి పక్కనే ఈ పెంకులు కుప్పలుగా దొరకడం చూసి మోరిస్ ఒక నిర్ధారణకు వచ్చాడు. ఈ నగరంలో అధికారం నడిచిన ప్రధాన మార్గం విందు.

ఇది వింతగా అనిపించవచ్చు. పరిపాలనా నగరం అంటే కచేరీలు, సైనిక శిబిరాలు, కోటగోడలు ఉండాలని మనం అనుకొంటాం. హువానుకో పంపాలో సైనికుల స్థిర నివాసాలకు గట్టి ఆధారాలు దొరకలేదు. ఆండీస్ గ్రామాలలో ఒకరి పొలంలో పనికి మరొకరు వెళ్లడం, ఆ రోజున పొలం యజమాని అందరికీ తిండి, చిచా పెట్టడం పాత ఆచారం. పిలిచినవాడు పెట్టాలి. పెట్టినవాడు పిలిస్తే రావాలి. ఇన్కా పాలకులు ఈ ఊరి మర్యాదనే రాజనీతిగా మార్చుకొన్నారు. మిటా పనికి వచ్చినవారిని రాజు పిలిచిన అతిథులుగా చూపారు. విందు ఆరగించిన స్థానిక నాయకుడు రాజుకు ఋణపడినట్లే. మరుసటి ఏడు తన మనుషులను పనికి పంపడం ఆ ఋణం తీర్చుకోవడమే అవుతుంది.

ఇక్కడ సియేసా పేర్కొన్న 30,000 అంకెను మరొకసారి చూడండి. నగరంలోని కట్టడాలను బట్టి ఒకేసారి 12,000 నుంచి 15,000 మంది వరకు ఉండగలరని పరిశోధకుల అంచనా. వారిలో స్థిరంగా కాపురమున్నవారు కొద్దిమందే. మిగిలినవారు వంతుల ప్రకారం వచ్చి వెళ్లేవారు. సమాధులు ఇంత తక్కువగా దొరకడానికి ఇదే కారణం. ఇక్కడ పనిచేసినవారు తమ ఊళ్లకు తిరిగి వెళ్లి అక్కడే కన్నుమూశారు. 30,000 అన్నది నగర జనాభా కాక, చుట్టుపక్కల నుంచి సేవకు బాధ్యులైనవారి సంఖ్య అనుకొంటే లిఖిత ఆధారానికి, భౌతిక ఆధారానికి మధ్య పొంతన కుదురుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 2
అ) గుండ్రని గిడ్డంగులలో, దీర్ఘచతురస్రాకారపు గిడ్డంగులలో ఏమేమి నిలవచేశారు?
ఆ) మొక్కజొన్న తక్కువగా నిలవచేసినా దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు ఉంది?

7. చిచా కాచిన చేతులు

వేల మందికి సరిపడా చిచాను ఎవరు తయారుచేశారు? మహాప్రాంగణానికి ఉత్తరాన ఎత్తైన గోడ చుట్టిన ఒక ఆవరణ ఉంది. లోపలికి వెళ్లడానికి ఒకటే దారి. ఆవరణలో ఒకే తీరున కట్టిన 50 ఇళ్లు క్రమంగా అమరి ఉన్నాయి. తవ్వకాలలో అక్కడ కదురు బిళ్లలు, నేతకు వాడే ఎముక పనిముట్లు, పెద్ద జాడీల పెంకులు అధికంగా దొరికాయి. స్పానిష్ రచయితలు వర్ణించిన 'అక్లావాసి' ఇదేనని మోరిస్ గుర్తించాడు.

'అక్లా' అంటే ఎంపికైన స్త్రీ. రాజ్యాధికారులు గ్రామాల నుంచి చిన్న వయసులోనే ఆడపిల్లలను ఎంపిక చేసి తీసుకువచ్చేవారు. వారు ఇలాంటి ఆవరణలలో ఉండి మేలు రకం వస్త్రాలు నేసేవారు, చిచా కాచేవారు. వారిలో కొందరిని రాజు తనకు విధేయులైన నాయకులకు భార్యలుగా ఇచ్చేవాడు. ఇన్కాలకు వస్త్రం కేవలం కట్టుకొనే గుడ్డ కాదు. సైనికులకు ఇచ్చే బహుమానం, నాయకులకు చేసే సత్కారం, దేవతలకు సమర్పించే కానుక అదే. అంటే పాలకుడు పంచిన రెండు ముఖ్యమైన వస్తువులు, చిచా, వస్త్రం, ఈ ఆవరణలోని స్త్రీల చేతుల మీదుగానే తయారయ్యాయి.

మిటాకు వచ్చిన మగవాడు వంతు ముగిశాక ఇంటికి వెళ్లేవాడు. అక్లాకు ఆ అవకాశం లేదు. గోడ, ఒకే ద్వారం ఆ సంగతినే చెబుతాయి. తనిఖీ నివేదికలలో గ్రామ నాయకుల పేర్లు ఉన్నాయి. హువానుకో పంపా ఆవరణలో పనిచేసిన స్త్రీల పేర్లు ఏ రాతలోనూ లేవు. వారు వడికిన కదురు బిళ్లలు, చిచా పులియబెట్టిన జాడీలే వారి చరిత్రకు ఆధారాలు. రాతలు వదిలిపెట్టినవారిని పురావస్తు శాస్త్రం ఎలా వెలుగులోకి తెస్తుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

8. గ్రామాలలో కనిపించని సామ్రాజ్యం

ఇప్పుడు నగరం నుంచి చుట్టుపక్కల గ్రామాలకు వెళదాం. హువానుకో పంపాలో దొరికిన కుండలలో అత్యధిక భాగం ఇన్కా రాజ్యశైలికి చెందినవి. ఆకారం, రంగులు, అలంకరణ కుస్కో నమూనాను అనుసరించి ఉంటాయి. చుపాయ్చు, యాచా వంటి స్థానిక జాతుల గ్రామాలను పరిశీలించిన థాంప్సన్‌కు అక్కడ ఈ శైలి కుండలు బహు అరుదుగా కనిపించాయి. గ్రామస్థులు తమ పాత పద్ధతిలోనే కుండలు చేసుకొన్నారు, తమ పాత పద్ధతిలోనే ఇళ్లు కట్టుకొన్నారు.

దీని నుంచి మనం రెండు సంగతులు గ్రహించవచ్చు. ఒకటి, రాజ్యశైలి కుండలు రాజ్యం సొత్తు. అతిథి వాటిలో తిన్నాడు, తాగాడు. కాని ఇంటికి తీసుకుపోలేదు. ఆ నగిషీ పళ్లెం ఎవరి చేతి నుంచి వచ్చిందో గుర్తుచేయడమే దాని పని. రెండు, ఇన్కా రాజ్యం గ్రామస్థుల దైనందిన జీవితాన్ని మార్చడానికి పెద్దగా ప్రయత్నించలేదు. స్థానిక నాయకులను అలాగే ఉంచి, వారి ద్వారా శ్రమను రాబట్టింది. ఒక్క గ్రామాన్నే తవ్వి ఉంటే ఇక్కడ సామ్రాజ్యం ఉన్న సంగతే సరిగా తెలిసేది కాదు. ఒక్క నగరాన్నే తవ్వి ఉంటే ఇన్కా సంస్కృతి ప్రజలందరికీ వ్యాపించిందని పొరబడేవాళ్లం. రెండింటినీ కలిపి చూడటం వల్లనే అసలు చిత్రం తెలిసింది.

మరి ఈ ఏర్పాటు న్యాయమైనదేనా? దీనిపై చరిత్రకారుల దృష్టి ఒకే తీరుగా లేదు. పనివారికి తిండి పెట్టిన, గిడ్డంగులు నింపిన రాజ్యంగా దీన్ని మెచ్చుకొన్నవారు ఉన్నారు. అయితే 1549 పట్టికను మరొకసారి గుర్తుచేసుకోండి. సుమారు 4,000 కుటుంబాల నుంచి ఒక్కొక్క పనికీ వందలాది మందిని పంపవలసి వచ్చింది. గిడ్డంగుల లోని దుంపలు రాజ్యం పేర ఉన్న పొలాలలో వీరు పండించినవే. మొక్కజొన్నను పైకి మోసినవారు వీరే. చిచా కాచినది వీరి ఆడపిల్లలే. తమ శ్రమ ఫలితమే పాలకుని చేతి మీదుగా దానంగా తిరిగి వచ్చినప్పుడు దానికి కృతజ్ఞత చూపవలసిన స్థితిలో వారు ఉన్నారు. ఉదారత, నిర్బంధం ఒకే విందులో కలిసి ఉన్నాయి. పరీక్షలో సమాధానం రాసేటప్పుడు ఈ రెండింటిలో ఒకదాన్ని వదిలి మరొకదాన్ని మాత్రమే రాయకండి.

9. నగరం ఖాళీ అయిన తీరు

1532 నవంబరులో కహమార్కాలో స్పానిష్‌వారు ఇన్కా పాలకుడు అతావల్పాను బంధించారు. సామ్రాజ్యం కూలడం మొదలైంది. రాజ్యం పిలుపు ఆగిపోగానే హువానుకో పంపాకు వచ్చేవారు లేకపోయారు. 1539లో స్పానిష్‌వారు ఇక్కడే ఒక పట్టణాన్ని స్థాపించారు. మహాప్రాంగణంలో వారు కట్టిన ఇళ్ల పునాదులు నేటికీ కనిపిస్తాయి. కాని చలి, ఎత్తు, స్థానికుల ప్రతిఘటన కారణంగా కొద్ది సంవత్సరాలకే దాన్ని దిగువన ఉన్న వెచ్చని లోయకు మార్చారు. ఈనాటి హువానుకో పట్టణం అదే.

నగరం ఇంత వేగంగా ఖాళీ కావడం కూడా ఒక ఆధారమే. వర్తకం, వృత్తులు, స్థిర కుటుంబాలు ఉన్న నగరం పాలకులు మారినా సాధారణంగా నిలుస్తుంది. కుస్కో అలాగే నిలిచింది. రాజ్యం అవసరం కోసమే పుట్టిన హువానుకో పంపా ఆ రాజ్యంతోపాటే ముగిసింది. దాని ఆయుష్షు నూరేళ్లు కూడా లేదు.

ఈ వైఫల్యమే పురావస్తు శాస్త్రజ్ఞులకు మేలు చేసింది. కుస్కోలో ఇన్కా గోడల మీద స్పానిష్ భవనాలు, వాటి చుట్టూ నేటి నగరం పెరిగాయి. హువానుకో పంపా మీద మరో నగరం పెరగలేదు. అందువల్ల ఇన్కా నగర ప్రణాళికను మొదటి నుంచి చివరి దాకా నేల మీదనే చదవగలిగిన కొద్ది చోట్లలో ఇది ఒకటిగా మిగిలింది.

10. సారాంశం

హువానుకో పంపా కుస్కో - కీటో రహదారి మీద 15వ శతాబ్దం రెండో సగంలో ఇన్కా రాజ్యం నిర్మించిన ప్రాంతీయ నగరం. మురా, థాంప్సన్, మోరిస్ పరిశోధనలు తనిఖీ నివేదికలను, తవ్వకాల ఫలితాలను జోడించి దీని స్వభావాన్ని వెల్లడించాయి. 497 గిడ్డంగులు, మహాప్రాంగణం, ఉష్ను, పొడవైన మండపాలు, అక్లావాసి, కుప్పలుగా దొరికిన జాడీలు కలిసి ఒక విందు నగరాన్ని మన ముందుంచుతాయి. నాణేలు లేని రాజ్యంలో శ్రమ పన్నుకు బదులుగా పాలకుడు చూపిన ఆతిథ్యం అధికారానికి ఆధారమైంది. ఆ ఆతిథ్యానికి కావలసిన వనరులు ప్రజల శ్రమ నుంచే వచ్చాయి. రాజ్యం పతనం కాగానే నగరం ఖాళీ అయింది.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. హువానుకో పంపా తవ్వకాల ఆధారంగా ఇన్కా ప్రాంతీయ నగర స్వభావాన్ని వివరించండి.
2. 'ఉదారత, నిర్బంధం ఒకే విందులో కలిసి ఉన్నాయి.' ఈ వాక్యాన్ని ఆధారాలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. హువానుకో పంపాలోని గిడ్డంగుల నిర్మాణాన్ని, ఉపయోగాన్ని తెలపండి.
2. నగరంలోను, గ్రామాలలోను దొరికిన కుండల మధ్య తేడా మనకు ఏమి తెలియజేస్తుంది?
3. సియేసా పేర్కొన్న 30,000 అంకెను నగర జనాభాగా ఎందుకు తీసుకోకూడదు?

III. కింది వాటికి లఘు వ్యాఖ్యలు రాయండి.
1. కిపు
2. ఉష్ను
3. అక్లావాసి